పచ్చిగా కనిపిస్తుండగానే దించాలి: మెత్తటి అల్లం కుకీలతో నా అనుభవం

నాకు కావలసింది విరిస్తే టప్పుమనే అల్లం బిస్కెట్ కాదు. పైన చక్కెర పలుకులు, వాటి మధ్య పగుళ్లు, అంచు కాస్త గట్టిగా, నడుమ నొక్కితే దిగేంత మెత్తగా ఉండాలి. తిన్నాక గొంతు దగ్గర ఘాటు కొంచెం ఆలస్యంగా తగలాలి. శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే, అనుకున్న కుకీ చేతికొచ్చేసరికి శనివారం మధ్యాహ్నమైంది. దాని అసలు రుచి ఆదివారానికి గానీ తెలియలేదు. ఇందులో ఓవెన్‌లో గడిచింది ట్రేకి పది నిమిషాలు. మిగతా సమయమంతా ఎటు పోయిందో చెబుదామనే ఇది రాస్తున్నాను. "తయారీకి అరగంట" అని రాసేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.

మొదటి నిరీక్షణ బటర్ కోసం. ఫ్రిజ్‌లోంచి తీసిన 170 గ్రాముల ఉప్పు లేని బటర్ మెత్తబడాలి, కానీ కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె అంటకూడదు. డిగ్రీల్లో చెప్పాలంటే 18 నుంచి 20 మధ్య. దిమ్మను అలాగే వదిలేస్తే చాలాసేపు పడుతుంది కాబట్టి చిన్న ముక్కలుగా కోసి పళ్లెంలో పరిచాను. ముప్పావుగంటకి దారికొచ్చింది. తొందరపడి మైక్రోవేవ్‌లో పెడితే బయట గట్టిగా, లోపల నీళ్లగా అవుతుంది. కరిగిన బటర్‌లో గాలి నిలవదు, చక్కెరతో గిలక్కొట్టేదే ఆ గాలి కోసం. గుడ్డు కూడా అప్పుడే బయట పెట్టాను. చల్లటి గుడ్డు పడితే మెత్తటి బటర్ మళ్లీ గడ్డకట్టి, మిశ్రమం విరిగిన పాలలా అయిపోతుంది.

ఆ ముప్పావుగంటలో మసాలా పని. శొంఠి పొడి మూడు టీస్పూన్లు, దాల్చినచెక్క పొడి ఒకటిన్నర, లవంగాల పొడి అర, మిరియాల పొడి పావు. చాలా కొలతల్లో శొంఠి రెండు టీస్పూన్లే ఉంటుంది. అది పిల్లల కోసం రాసినట్టుంటుంది నాకు. మూడుకి పెంచినందుకు తర్వాత ఎవరూ ఫిర్యాదు చేయలేదు. లవంగాన్ని మాత్రం అరకి మించనివ్వకండి. దాన్ని కొంచెం పెంచినా మిగతా మసాలాలన్నిటినీ తొక్కేసి, తినేవాళ్లకి పంటి నొప్పి మందు గుర్తొస్తుంది. శొంఠి డబ్బా ఎప్పటిదో అయితే మూత తీసి వాసన చూడండి. ముక్కు దగ్గర పెట్టినా చురుకు తగలకపోతే ఎన్ని చెంచాలు వేసినా దండగే.

పచ్చి అల్లం ఎందుకు వేయకూడదని మా అమ్మాయి అడిగింది. వేయొచ్చు, కానీ దాంతోపాటు నీరు వస్తుంది, పిండి జారవుతుంది. పైగా రెండింటి ఘాటూ ఒకటి కాదు. అల్లం ఎండేటప్పుడు అందులో ఘాటునిచ్చే జింజెరాల్ అనే పదార్థం కొంత షోగాల్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. షోగాల్ దానికంటే ఘాటైనది. నేను కోరుకున్న ఆ వెనక తగిలే మంట శొంఠిదే. పచ్చి అల్లంలో ఉండే నిమ్మపండు లాంటి పరిమళం శొంఠిలో అంతగా ఉండదు, అది ఒప్పుకోవాలి. రెండూ కావాలనుకునేవాళ్లు చక్కెర పాకంలో ఊరబెట్టి ఆరబెట్టిన అల్లాన్ని సన్నగా తరిగి గుప్పెడు కలుపుకోవచ్చు. నేను సగం పిండిలోనే కలిపాను. పంటి కింద పడ్డప్పుడు బావుంది గానీ, కుకీ మెత్తదనానికి అది అడ్డమనిపించింది.

మైదాని కప్పుతో కొలవలేదు. కప్పు డబ్బాలో ముంచి తీస్తే ఒకసారి 120 గ్రాములు, గట్టిగా అదిమితే 150 దాకా వస్తుంది. రెండు కప్పులకి పైగా పడే చోట ఆ తేడా చిన్నది కాదు. ఎక్కువైన ఆ మైదానే మెత్తగా రావలసిన కుకీని పొడిపొడిగా చేసేస్తుంది. కాటా మీద 280 గ్రాములు తూచి, మసాలాలు, ఒక టీస్పూన్ వంటసోడా, అర టీస్పూన్ ఉప్పు వేసి జల్లెడ పట్టాను. సోడా పాతదేమోనని అనుమానముంటే చిటికెడు తీసి వెనిగర్‌లో వేస్తే చాలు, బుస్సుమని పొంగాలి.

ఇక మొలాసిస్. చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం. ఈ వంటలో రంగుకీ, మెత్తదనానికీ సగం బాధ్యత దీనిదే. సీసా కొనేముందు చీటీ చదవండి. బ్లాక్‌స్ట్రాప్ అని ఉంటే అది చివరిదాకా మరిగించి తీసిన రకం, బాగా చేదు, తీపి తక్కువ. ఇక్కడ దానికి పని లేదు. మామూలు రకమే అయినా, చెంచాడు విడిగా నాకి చూసినప్పుడు నాకు గుండె జారింది. తీపి వెనకాల చేదు, దాని వెనకాల ఇనుప తుప్పు లాంటి వాసన. ఇంత బటర్ ఇందులో పోసి పాడుచేస్తున్నానా అనిపించింది. కాల్చాక ఆ వాసన ఎటు పోతుందో గానీ పోతుంది, రుచిలో లోతు మాత్రం మిగులుతుంది. కావలసింది 80 గ్రాములే కాబట్టి సీసాలో చాలా మిగిలిపోయింది. ఈ పనిలో డబ్బులు ప్రధానంగా బటర్‌కీ, దీనికీ పోతాయి. మిగతావి ఎలాగూ ఇంట్లో ఉండేవే.

మొలాసిస్‌ని చెంచాలతో కొలిస్తే సగం చెంచాకే అంటుకుంటుంది. గిన్నెని కాటా మీద పెట్టి సున్నాకి తెచ్చుకుని నేరుగా వంచడం సుఖం. కాటా లేకపోతే కొలత కప్పుకి లోపల నూనె రాయండి, మొత్తం జారి వస్తుంది.

కలపడం నిజానికి పది నిమిషాల పని. బటర్, 100 గ్రాముల బ్రౌన్ షుగర్, 100 గ్రాముల తెల్ల చక్కెర కలిపి బీటర్‌తో రెండు మూడు నిమిషాలు, రంగు కాస్త తేలే వరకు గిలక్కొట్టాను. కేక్‌కి చేసినట్టు ఇంకా కొడుతూ పోతే గాలి ఎక్కువై కుకీ కూడా కేక్‌లా పొంగుతుంది. గుడ్డు వేశాక, మొలాసిస్ వేశాక గిన్నె అంచులు గీకి మళ్లీ కలపాలి, లేకపోతే అడుగున తెల్లటి చారలు మిగులుతాయి. ఆఖరున మైదా. ఇక్కడ బీటర్ పక్కన పెట్టి గరిటె పట్టుకున్నాను. పొడి కనబడటం మానేయగానే ఆపేయాలి, లేకపోతే మైదా సాగుడు పట్టి కుకీ బిరుసెక్కుతుంది. ముద్ద గట్టిబడ్డాక మణికట్టు బాగానే లాగింది. గిన్నెలో ఉన్నదాన్ని చూస్తే ఆశ కలగదు. గోధుమరంగు జిగురు, చేయి పెడితే వేళ్ల మధ్య తీగలు సాగుతుంది. మైదా ఇంకో గుప్పెడు వేద్దామా అని ప్రతి ఒక్కరికీ అనిపించే చోటు ఇదే. వేయకండి. చల్లబడితే అదే గట్టిపడుతుంది.

రాత్రి 8 గంటలకి గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోశాను. ఒక గంట తర్వాత తీస్తే ముద్ద మాట వినేలా తయారైంది. 35 గ్రాముల చొప్పున ఉండలు చేస్తే 22 వచ్చాయి. తూచి చేయడం చాదస్తమని మా ఆయన నవ్వారు. ఒకే ట్రేలో చిన్నవి, పెద్దవి కలిసి ఉంటే చిన్నవి ఎండిపోయాక గానీ పెద్దవి కాలవు. అందుకే నా చాదస్తం నాది.

రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడం నిజంగా అవసరమా అన్నది నాకు ముందు నుంచీ ఉన్న సందేహం. అందుకని రెండు ఉండల్ని కావాలనే పక్కకి తీసి, గది వేడికి మెత్తబడనిచ్చి, ఆ రాత్రే కాల్చాను. తట్టుకునే బలం లేక పలచగా పరుచుకుపోయాయి. అంచులు ముదురు రంగు తిరిగాయి, మధ్యలో మందమే లేదు. రుచికి వంక పెట్టడానికి లేదు, మా అమ్మాయి నిలబడే రెండూ తినేసింది. కానీ నాకు కావలసిన ఆకారం కాదు. చల్లటి ఉండలో కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది. ఈలోపు అంచు గట్టిబడి గోడలా నిలుస్తుంది. రాత్రంతా ఉంచితే మైదా ఉన్న తడినంతా పీల్చుకుంటుంది, మసాలా పిండికి పడుతుంది. తొందరున్నవాళ్లకి ఉండలు చేశాక రెండు గంటలు చాలు. అంతకంటే తగ్గిస్తే మాత్రం నేను హామీ ఇవ్వను.

మిగతా ఉండల్ని మూతపెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, గిన్నెలు కడిగి పడుకున్నాను. గిన్నెల గురించి ఒక మాట: మొలాసిస్ అంటిన వాటిని వేడి నీళ్లలో నానబెట్టండి. చన్నీళ్లతో తోమితే మన ఓపికే అరుగుతుంది.

శనివారం ఉదయం ఓవెన్ వంతు. గుండీ 175 డిగ్రీల దగ్గర పెట్టాను. ఏడెనిమిది నిమిషాలకే దీపం ఆరింది, అంటే వేడెక్కానని ఓవెన్ చెబుతోంది. లోపల పెట్టిన చిన్న థర్మామీటర్ మాత్రం 158 దగ్గర కూర్చుంది. దీపం మళ్లీ వెలగడం, ఆరడం, ముల్లు ఎక్కడం, దిగడం, ఇలా ఇరవై నిమిషాలు గడిచాక గానీ 175 చుట్టుపక్కల స్థిరపడలేదు. అదీ గుండీని 190 దాకా తిప్పాక. ఇంటి ఓవెన్ల గుండీ మీద అంకెకీ, లోపలి వేడికీ ఇంత తేడా ఉండటం మామూలేనట. కుకీ లోపల ఉండేదే పది నిమిషాలు, సర్దుకునే వ్యవధి దానికి లేదు. ఈ వంటకి ఒక్క కొత్త వస్తువే కొనాలంటే బీటర్ కన్నా ముందు ఆ థర్మామీటర్ కొనమంటాను.

ట్రే మీద పరిచే కాగితం కూడా చూసి తీసుకోండి. ఓవెన్‌కి పనికొచ్చేదని రాసి ఉండాలి. మైనం పూసిన కాగితమైతే వేడికి కరిగి పొగ లేస్తుంది.

చల్లటి ఉండల్ని చక్కెరలో దొర్లించాను. మామూలు పలుకుల చక్కెరే, పొడి కాదు. ఈ చక్కెర అందానికని అనుకునేదాన్ని. దానికి వేరే పని ఉంది. పైపొర నుంచి తడి లాగేసి దాన్ని త్వరగా ఎండబెడుతుంది. లోపల ఇంకా పొంగుతుంటే ఎండిన పైపొర సాగలేక పగులుతుంది. మనం ఇష్టపడే ఆ నెర్రెలు అలా వస్తాయి. ట్రేకి ఎనిమిదికి మించకుండా పెట్టాను, రెండింటి మధ్య 5 సెంటీమీటర్ల ఎడంతో. ఉండల్ని అరచేత్తో అదమాల్సిన పని లేదు, అవే పరుచుకుంటాయి.

తర్వాతి పది నిమిషాలు అద్దం ముందు నుంచి కదల్లేదు. మూడో నిమిషం దాకా ఏమీ జరగదు, ఉండలు ఉండల్లాగే ఉంటాయి. ఐదో నిమిషానికి అడుగు వెడల్పవుతుంది. అప్పుడు వాసన మొదలవుతుంది, ముందు దాల్చినచెక్క, కాసేపటికి శొంఠి. ఏడో నిమిషానికి ఉబ్బి గుండ్రటి దిండ్లలా తయారయ్యాయి. మొలాసిస్‌లో పులుపుకీ సోడాకీ పడ్డ గొడవలోంచి పుట్టిన గాలే ఆ ఉబ్బు. ఎనిమిదిలో మొదటి పగులు. తలుపు తీసి చూడాలని చేయి ఎంత లాగినా తీయకూడదు, తీసిన ప్రతిసారీ వేడి బాగా పడిపోతుంది.

పదో నిమిషం. అంచులు గట్టిబడ్డాయి, రంగు తిరిగాయి. పగుళ్ల లోపల మాత్రం తడిగా మెరుస్తోంది. మధ్యలో పచ్చిగానే ఉన్నట్టుంది.

"అమ్మా, ఇంకా ఉడకలేదే!" అంది అమ్మాయి నా భుజం మీంచి చూసి.

"అందుకేనే దించుతున్నా" అన్నాను. పైకి ధైర్యంగానే అన్నాను గానీ, ఇంకో రెండు నిమిషాలు ఉంచమని లోపల మనసు పోరుతూనే ఉంది. పచ్చిపిండిని దించుతున్నామన్న భయం ఒకపక్క, ఇన్ని గంటలు వేచి చివర్లో ఎండబెట్టేస్తామన్న భయం ఒకపక్క. ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన క్షణం ఇదొక్కటే, ఎంత చదివినా అది తేలిక కాదు. మీకు గుర్తు కోసం చెబుతున్నాను: అంచు నొక్కితే గట్టిగా తగలాలి, నడుమ మెత్తగా ఉండాలి, పగుళ్లలో తడి మెరుపు ఉండాలి. ఆ మెరుపు పోయేదాకా ఆగితే, చల్లారాక మెత్తదనం ఉండదు.

బయటికి తీసిన నిమిషంలో ఉబ్బు దిగిపోయింది, పగుళ్లు లోతయ్యాయి. దిగడం చూసి కంగారు పడక్కర్లేదు, అలా దిగితేనే నడుమ చిక్కగా ఉంటుంది. వేడి ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలేయాలి. అప్పుడు చేత్తో తీస్తే చిరిగిపోతాయి. ఆ ఐదు నిమిషాల్లో ట్రే వేడికే లోపల ఇంకాస్త ఉడుకుతాయి, కట్టుబడతాయి. తర్వాత జాలీ మీదికి మార్చి ఇరవై నిమిషాలు. ట్రే మీదే చల్లారనిస్తే అడుగున చెమ్మ పడుతుంది.

రెండో విడతకి ట్రే చల్లారేదాకా ఆగాను. వేడి ట్రే మీద ఉండలు పెడితే ఓవెన్‌లోకి వెళ్లకముందే అడుగు కరగడం మొదలవుతుంది. రెండో ట్రే ఉంటే ఈ నిరీక్షణ తప్పుతుంది. రెండు ట్రేలూ ఒకేసారి లోపల పెట్టడం మాత్రం నాకు నచ్చదు. పైది ఒకలా, కిందది ఒకలా కాలుతుంది.

ఆఖరి విడతలో నాలుగే కాల్చాను, మా ఆయన కోసం, పదమూడు నిమిషాలు. ఆయనకి టీలో ముంచుకునే రకం ఇష్టం. అదే పిండి, అదే వేడి. మూడు నిమిషాల తేడాకి అది ఇంకో వంటకం అయిపోయింది. చల్లారాక కరకరలాడింది, రంగు ముదిరింది, ఘాటు కూడా తగ్గినట్టనిపించింది. మెత్తవి, గట్టివి పక్కపక్కన పెట్టి తింటే గానీ ఆ మూడు నిమిషాల విలువ నాకు తెలిసిరాలేదు.

రుచి సంగతి నిజం చెప్పాలి. శనివారం మధ్యాహ్నం వెచ్చగా తిన్నప్పుడు నాకు కాస్త నిరాశే. మెత్తదనం అనుకున్నట్టే వచ్చింది, కానీ లవంగం ముందుకొచ్చి కూర్చుంది, అల్లం ఎక్కడో దూరంగా ఉంది. మొలాసిస్ చేదు నాలుక చివర కాస్త తగిలింది. మూడు చెంచాల శొంఠి ఏమైపోయిందా అనుకున్నాను. ఆదివారం ఉదయం డబ్బా తీసి ఒకటి తింటే వేరే కుకీ. లవంగం వెనక్కి తగ్గింది, చేదు తీపిలో కలిసిపోయింది, మింగాక ఒక క్షణం ఆగి గొంతులో వెచ్చగా ఘాటు తగిలింది. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఒకరోజు ముందే చేసి ఉంచండి. వేడివేడిగా పెడితే మీ కష్టంలో సగమే వాళ్లకి అందుతుంది.

నిల్వకి గాలి చొరని డబ్బా. పూర్తిగా చల్లారాకే సర్దాలి, వెచ్చగా పెడితే చక్కెర చెమ్మగిల్లి అతుక్కుపోతాయి. మెత్తవీ గట్టివీ ఒకే డబ్బాలో వద్దు, మెత్తవాటి తడి లాక్కుని గట్టివి సాగుతాయి. మూడో రోజుకి అంచులు బిగుసుకుంటున్నట్టనిపిస్తే ఒక బ్రెడ్ ముక్క లోపల పెట్టాను. మర్నాటికి బ్రెడ్ అట్టలా ఎండిపోయింది, కుకీలు మళ్లీ మెత్తబడ్డాయి. మొలాసిస్‌కీ బ్రౌన్ షుగర్‌కీ తడిని పట్టి ఉంచే గుణం ఉంది కాబట్టి మామూలు చక్కెర బిస్కెట్ల కన్నా ఇవి ఎక్కువ రోజులు మెత్తగా నిలుస్తాయి. ఐదో రోజుకీ బాగానే ఉన్నాయి, ఆపైన మిగల్లేదు.

శనివారమే మూడు నాలుగు ఉండల్ని కాల్చకుండా ఫ్రీజర్‌లో దాచాను. ముందు పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేయాలి, లేకపోతే అన్నీ కలిసి ఒకే ముద్దవుతాయి. అలా రెండు నెలలు నిల్వ ఉంటాయి. చక్కెర ముందే దొర్లించవద్దు. గడ్డకట్టిన ఉండకి చక్కెర అంటదు కాబట్టి తీశాక పావుగంట బయట ఉంచి, పైన కాస్త తడి పట్టాక దొర్లిస్తే సరిపోతుంది. కాల్చేటప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. మొన్న సాయంత్రం వాటిని కాల్చినప్పుడు పన్నెండో నిమిషంలో పగుళ్లలో తడి మెరుస్తుండగా దించాను. ఈసారి అమ్మాయి ఏమీ అనలేదు, జాలీ తెచ్చి పెట్టింది.